ఓదెలు కాపలా కాసిన కరెంటు కారు

2024 ఎండాకాలం, హుస్నాబాద్. నేను ఇళ్లకు కరెంటు పని చేయడం మొదలుపెట్టి అప్పటికి ఇరవై ఆరేళ్లు. బోరు మోటార్లు, కూలర్లు, ఇన్వర్టర్లు, పెళ్లి పందిళ్ల లైట్లు, మా మిషన్ చర్చి మైకు సెట్టు, ఏది చెడిపోయినా దేవదానాన్ని పిలవండి అనేవారు. ఇన్నేళ్ల పనిలో నాకు బాగా అబ్బిన విద్య అనుమానం. కరెంటు పోయిందని పిలిస్తే నేను వైర్లకంటే ముందు మనుషుల ముఖాలు చూసేవాణ్ని. ఎవరు ఏ ప్లగ్గులో ఏం గుచ్చారు, ఎవరు చేసింది చెప్పకుండా దాస్తున్నారు అని. చాలాసార్లు నా అనుమానమే నిజమయ్యేది. దాని మీద నాకు కొంత పొగరు కూడా ఉండేది.

రాజిరెడ్డి మా ఊళ్లో విత్తనాల షాపు నడుపుతాడు. వయసులో ఉన్నప్పుడు దుబాయిలో పన్నెండేళ్లు పరాయివాళ్ల కార్లు తోలాడు. తిరిగొచ్చాక మొట్టమొదట కొన్నది తెల్ల అంబాసిడర్. పన్నెండేళ్లు తోలింది చాలు, ఇక వెనక సీట్లో కూర్చుంటానని డ్రైవర్‌ను పెట్టుకున్నాడు. ఆ డ్రైవరే ఓదెలు. గేటు పక్క గదిలో భార్య లక్ష్మితో పద్దెనిమిదేళ్లుగా అక్కడే ఉంటున్నాడు. పొద్దున లేవగానే షెడ్డులో పైపు పెట్టి అంబాసిడర్‌ను టైర్ల సందుల్లోంచి పైకప్పు దాకా కడిగేవాడు. నేను ఏ పనిమీద వెళ్లినా ఆ షెడ్డు ముందు నేల తడిగానే ఉండేది, నా చెప్పులు బురదయ్యేవి, నేను తిట్టుకునేవాణ్ని.

ఆ అంబాసిడర్ మీద ఇంట్లో రెండు పార్టీలు. సామాను దొరకట్లేదు, పొగ కక్కుతోంది, ఎత్తు ఎక్కాలంటే దండం పెట్టాలి అని రాజిరెడ్డి. ఓదెలుది ఒకటే మాట. "దాని సప్పుడింటె దాని రోగం ఎరుకైతది పటేలా. జర దగ్గితె ఫిల్టరు, జర గునిస్తె కార్బన్. మనిషి లెక్క చెప్పుకుంటది." చివరికి రాజిరెడ్డి మాటే నెగ్గింది. ఎలక్ట్రిక్ కారు బుక్ చేసి, చార్జర్ బిగించమని నన్ను పిలిచాడు.

నిజం చెప్తే నాకు పండగే. ఇన్నాళ్లూ కార్లంటే మెకానిక్‌ల రాజ్యం. ఇప్పుడు కారే నా శాఖలోకి వచ్చింది. మా చుట్టుపక్కల ఎవరింట్లోనూ అలాంటి చార్జర్ ఉన్నట్టు నేను వినలేదు. అది గోడకు బిగించే పెట్టె. లోపల చిన్న బుర్ర ఉంటుంది. వచ్చే కరెంటు సరిగ్గా ఉంటే పచ్చలైటు వేస్తుంది, ఎక్కడైనా తేడా పసిగడితే ఎర్రలైటు వేసి ఆగిపోతుంది. దానికి విడిగా వైరు లాగాను, ఎంసీబీ పెట్టాను. ఎంసీబీ అంటే లోడు ఎక్కువైతే తనంతట తాను పడిపోయే స్విచ్. ఇంటికి ఎర్తింగ్ పదిహేనేళ్ల కిందట నేను వేసిందే. ఏదైనా వైరు తెగి కారు రేకుకు కరెంటు తగిలితే, ముట్టుకున్న మనిషి ఒంట్లోంచి కాకుండా భూమిలోకి పోయేలా చేసే ఏర్పాటు అది. బల్బు పెట్టి చూశాను, భేషుగ్గా వెలిగింది. కొత్త కారుకు గన్ను, అంటే చార్జర్ వైరు చివరి పిడి, తగిలించగానే పచ్చలైటు. రాజిరెడ్డి చప్పట్లు కొట్టాడు.

వచ్చేముందు పెద్దమనిషిలా నాలుగు జాగ్రత్తలు చెప్పాను. "ఇది కరెంటు బండి సార్. షెడ్డులో చుక్క నీళ్లు పడద్దు. కడుగుడు గిడుగుడు బంద్. బయట సర్వీసింగుకు ఇచ్చుకోండ్రి."

ఓదెలు నా ముఖం చూశాడు. "కడగకుంటె అది బండెట్లయితది తమ్మీ?"

"షాకు కొట్టి సస్తె తెలుస్తది ఎట్లయితదో," అన్నాను. అందరం నవ్వాం. ఓదెలు నవ్వలేదు. వారం తిరక్కుండానే అంబాసిడర్‌ను చెన్నూరు నుంచి వచ్చిన ఒకాయన పెళ్లి ఊరేగింపులకని కొనుక్కుపోయాడు. అది గేటు దాటుతుంటే ఓదెలు గదిలోంచి బయటికి రాలేదట.

కొత్త కారు మీద రాజిరెడ్డికి మోజు ఎంతుందో భయమూ అంతే. రాత్రి చార్జింగ్ పెడితే నిద్రలో అంటుకుంటుందేమోనని పగలే పెట్టేవాడు. మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు గన్ను తగిలించి, షెడ్డులో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసి, ఓదెలును కాపలా కూర్చోబెట్టేవాడు. చార్జింగ్ అయ్యేదాకా ఓదెలు లేవకూడదు. కార్ల మధ్య పుట్టి పెరిగిన మనిషికి అంతకన్నా శిక్ష ఏముంది? పొయ్యి మీద పాలు చూసినట్టు ఆ పెట్టెను చూస్తూ కూర్చునేవాడు.

మార్చి ఆఖరులో నాకు మొదటి ఫోను వచ్చింది. "దేవదానం, బండి సగంల ఆగుతుంది. జర వచ్చి చూడు."

వెళ్లాను. మీటర్ పెట్టి వోల్టేజీ చూశాను, బాగుంది. గన్ను తగిలిస్తే పచ్చలైటే. అరగంట నిలబడ్డాను, ఆగలేదు. చాయ్ తాగి వచ్చేశాను. రెండు రోజులకు మళ్లీ ఫోను. మళ్లీ వెళ్లాను, మళ్లీ పచ్చలైటే. నేనున్నంతసేపు బుద్ధిగా ఎక్కుతుంది, నేను పోయాక ఆగుతుంది. ఇలాంటివి చూసినప్పుడు నా బుర్రలో ఒక గంట మోగుతుంది, ఇది వైరు పని కాదు, మనిషి పని అని.

"ఆగినప్పుడు ఏమైతుంది ఓదెలన్నా?" అని అడిగాను.

"ఎర్రలైటు వస్తుంది తమ్మీ. కన్ను గొట్టినట్టు కొడుతది, కొడుతది, ఆగుతది. నేను కింది స్విచ్చు ఒకసారి బంద్ చేసి మళ్ల ఏస్త. జరసేపు ఎక్కుతది. మళ్ల గంతే."

"మరి మాకెందుకు కనపడుతలేదు ఎర్రలైటు?"

"నేనేం జెయ్యాలె? మీరొచ్చినప్పుడు మంచిగనే ఉంటది దొంగముండది."

నేను తలూపాను గానీ నమ్మలేదు. ఎర్రలైటు అతను తప్ప ఎవరూ చూడలేదు. స్విచ్ ముట్టుకునేదీ అతనే. బయటికొచ్చాక రాజిరెడ్డి నన్ను గేటు దగ్గర ఆపి గొంతు తగ్గించాడు. "నిన్న నేను షాపుల నుంచి కావాలనే జల్ది వచ్చిన. వీడు స్విచ్చు మీద చెయ్యేసి ఉన్నడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డడు. గా పాత బండి మీద పానం వీనికి. దీన్ని ఖరాబు పట్టిస్తె నేను మళ్ల డీజిల్ బండి తెస్తనని వీని హిసాబు."

నాకూ అదే అనిపిస్తోందని చెప్పలేదు. చెప్పకపోయినా నా ముఖంలో కనపడే ఉంటుంది.

ఏప్రిల్‌లో ఓదెలు బావమరిది కూతురి పెళ్లి పడింది, ఇచ్చోడలో. భార్యాభర్తలిద్దరూ మూడు రోజులు వెళ్లారు. వాళ్లు బస్సెక్కిన సాయంత్రమే గాలివాన వచ్చి మామిడికాయలన్నీ రాలిపోయాయి, నేను రెండు స్తంభాల దగ్గర తడుస్తూ పని చేశాను. ఆ మూడు రోజులూ రాజిరెడ్డే షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మూడు రోజులూ కారు నిండుగా ఎక్కింది. ఓదెలు తిరిగొచ్చాక రెండు రోజులు ఎక్కింది, మూడో రోజు ఆగింది.

"ఇగ ఏం సాక్ష్యం గావాలె నీకు?" అన్నాడు రాజిరెడ్డి ఫోనులో.

నాకు ఇంకేమీ అక్కర్లేదనిపించింది. వాన సంగతి నా తలలోకి రానే లేదు. ఆ వానలో తడిసింది నేనే, అయినా రాలేదు.

ఆ తర్వాత వారంలోనే అసలు ముప్పు వచ్చింది. రాజిరెడ్డి భార్య పుష్పమ్మకు హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్. పొద్దున ఆరింటికి బయల్దేరాలి. ముందు రోజు మధ్యాహ్నం గన్ను తగిలించి రాజిరెడ్డి షాపుకు వెళ్లాడు, ఆ రోజు లోడు దిగుతుండడంతో పొద్దుపోయి వచ్చాడు. తెల్లారి చూస్తే బండిలో చార్జింగ్ మూడో వంతు కూడా లేదు. రాత్రి ఎందుకు చెప్పలేదని ఓదెలు మీద పడ్డాడు. చెప్పడానికి వస్తే మీరు అన్నం తింటున్నారు, పొద్దున చెప్దామనుకున్నాను అన్నాడట ఓదెలు. పుష్పమ్మను బస్సులో తీసుకెళ్లేసరికి డాక్టరు వెళ్లిపోయాడు. ఆపరేషన్ పదిహేను రోజులు వెనక్కి పోయింది.

తిరిగి రాగానే నన్ను పిలిపించాడు. ఓదెలు గేటు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. లక్ష్మి గది గుమ్మంలో ఉంది. రాజిరెడ్డి అందరి ముందూ అడిగాడు. "దేవదానం, నువ్వు పనితనం తెలిసినోనివి. ఒక్క మాట జెప్పు. తప్పు మిషన్‌లున్నదా, మనిషిలున్నదా?"

ఓదెలు నావైపు చూశాడు. నేను చార్జర్ వైపు చూశాను. నేను లాగిన వైరు, నేను బిగించిన పెట్టె, నేను వేసిన ఎర్తింగ్. "నా పనిల తప్పు లేదు సార్," అన్నాను.

అడిగింది మిషన్ గురించి. నేను చెప్పింది నా గురించి. కానీ ఆ వాకిట్లో దాని అర్థం ఒకటే. రాజిరెడ్డి ఓదెలు వైపు తిరిగి, "సామాన్లు తీసుకో," అన్నాడు. పద్దెనిమిదేళ్లు ఉన్న మనిషి గది వైపు నడిచాడు. లక్ష్మి మాత్రం నన్ను చూసి, "నువ్వు చర్చిల నిలబడి బైబిలు చదువుతవు గదన్నా," అంది. నేను వినపడనట్టు స్కూటర్ స్టార్ట్ చేశాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు, అయినా మనసులో నాదే ఒప్పు అనుకున్నాను.

రెండు రోజులు గడిచాయి. మధ్యాహ్నం నేను షాపులో ఫ్యాను వైండింగ్ చేస్తుంటే రాజిరెడ్డి ఫోను. గొంతు వేరేగా ఉంది.

"దేవదానం, ఎర్రలైటు వచ్చింది."

"ఎవలు చూసిండ్రు సార్?"

"నేనే. కుర్సీల నేనే కూసున్న. కొడుతుంది, కొడుతుంది, ఆగింది. స్విచ్చు బంద్ జేసి ఏస్తె మళ్ల ఎక్కింది. మళ్ల ఆగింది."

ఓదెలు నాకు చెప్పిన మాటలే, అక్షరం పొల్లు పోకుండా. అతను చెప్తే అబద్ధమనుకున్నాను. షాపు ఓనరు చెప్తే సంచీ భుజాన వేసుకుని పరిగెత్తాను. దారి పొడుగునా సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

ఈసారి చార్జర్‌తో వచ్చిన పుస్తకం అడిగి తీసుకున్నాను. అంతకుముందు దాన్ని తెరవలేదు, మనకు తెలియనిదేముందిలే అని. ఆ ఎర్రలైటుకు రెండు కారణాలు రాశారు. వోల్టేజీ తేడా, లేదా ఎర్తింగ్ సరిగ్గా లేకపోవడం. వోల్టేజీ నాలుగుసార్లు చూశాను. ఎర్తింగ్ బిగించిన రోజు తర్వాత మళ్లీ చూడలేదు. నేను వేసింది కదా, దానికేం రోగం? సంచీలోంచి బల్బు తీసి ఒక వైరు ఫేజుకు, ఇంకోటి ఎర్తింగ్‌కు పెట్టాను. ఎర్తింగ్ బాగుంటే బల్బు ఇంట్లో లైటులా వెలగాలి. అది అగరొత్తి నిప్పులా ఎర్రగా కనపడి ఊరుకుంది.

షెడ్డు పక్కన ఎర్తింగ్ గొయ్యి మీద సిమెంటు మూత తీశాను. ఎర్తింగ్ గొయ్యిలో పైపు దింపి చుట్టూ బొగ్గు, ఉప్పు వేస్తాం. అవి తడిగా ఉంటేనే కరెంటు భూమిలోకి దిగుతుంది. అందుకే ఎండాకాలం గొయ్యిలో నీళ్లు పోయమని ప్రతి ఇంట్లో చెప్తాం. మా హుస్నాబాద్ గుట్టల నేలలో మరీ చెప్పాలి. లోపల మట్టి నెర్రెలిచ్చి ఉంది. వేలు పెడితే పొడిపొడిగా రాలింది.

"రెండు బకెట్ల నీళ్లు తేండ్రి సార్," అన్నాను.

పోశాను. బుసబుసమంటూ తాగేసింది. ఇంకో రెండు పోశాను. బల్బు మెల్లగా తేరుకుని తెల్లగా వెలిగింది. గన్ను తగిలిస్తే పచ్చలైటు. సాయంత్రం దాకా అక్కడే, ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చున్నాను. ఒక్కసారి కూడా ఆగలేదు.

పదిహేనేళ్లు ఆ గొయ్యి ఎందుకు ఎండలేదో ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అర్థమైంది. పొద్దున్నే ఓదెలు పైపు పెట్టి అంబాసిడర్‌ను కడిగేవాడు. నీళ్లన్నీ పారి ఆ గొయ్యిలోకి దిగేవి. అంబాసిడర్ పోయింది, కడగడం పోయింది. నేను వెళ్లినప్పుడల్లా ఎక్కి, తర్వాత ఆగడం కూడా అందుకే. మట్టి చావుబతుకుల మీద ఉంది, కాసేపు చాలినట్టే ఉండి, ఎర్తింగ్ ఇంకాస్త తగ్గగానే పెట్టెలోని బుర్ర ఇక వద్దని ఆపేసేది. ఓదెలు పెళ్లికి వెళ్లిన రోజు గాలివాన మట్టిని తడిపింది. అతను వచ్చాక ఎండ మళ్లీ ఎండగొట్టింది.

రాజిరెడ్డి నా పక్కనే నిలబడి అంతా విన్నాడు. "నీళ్లు పొయ్యద్దన్నది నువ్వే గదా?" అన్నాడు.

"నేనే సార్."

పుస్తకంలో ఇంకో పేజీ తిప్పాను. మామూలు కార్లలాగే ఈ కారునూ చార్జింగ్‌లో లేనప్పుడు కడుక్కోవచ్చని రాసి ఉంది. ఎంత సిగ్గుచేటు! ఊళ్లో ఎలక్ట్రిక్ కారు గురించి అందరికంటే ఎక్కువ భయపడింది నేనే. పాత బండి మీద ప్రేమ ఉన్నవాడికి కొత్తది చెడగొట్టాలని ఉంటుందని అనుమానించాను. కొత్త బండి మీద మోజున్న నేను దాని గొంతు ఎండబెట్టాను.

రాజిరెడ్డి, "వాన్ని పిలుద్దాం. కని గీ సంగతి మన ముగ్గురిలనే ఉండనియ్యి. నీ పేరూ ఖరాబు, నా పేరూ ఖరాబు," అన్నాడు. ఆ మాట నాకు ఎంత తియ్యగా వినపడిందో ఇప్పటికీ గుర్తుంది. నాకు కావాల్సిందీ అదే.

ఓదెలు బస్టాండ్ వెనక చెల్లెలింట్లో ఉన్నాడు. మరుసటి రోజు చీకటి పడకముందే వెళ్లాను. లక్ష్మి నన్ను చూసి లోపలికి వెళ్లిపోయింది. జరిగిందంతా చెప్పాను. ఓదెలు బీడీ ముట్టించకుండా వేళ్ల మధ్య తిప్పుతూ విన్నాడు.

"పటేల్ రమ్మన్నడన్నా. గది అట్లనే ఉన్నది. రేపే రా."

"నీళ్లు లేక ఆగింది," అన్నాడు అతను. "నేను దినాం కడుగుతుంటి. నాకు కడుపుల అనిపించింది తమ్మీ, గా షెడ్డు ఎండిపోతుందని. బండికి కాదు, నేలకు. కని నాకేం ఎరుక, నువ్వు చదువుకున్నోనివి."

అతను బీడీని చెవి మీద పెట్టుకున్నాడు.

"నౌకరి సంగతి ఇడిసిపెట్టు. నిన్న కిరాయి కార్ల అడ్డా మీదికి పోయిన. పద్దెనిమిదేండ్లు నాతోటి చాయ్ తాగినోళ్లు. ఒక తావేరా కారు ఓనరును తోలనీకి బండి అడిగిన. ఏమన్నడో ఎరికేనా? 'నీకిస్తె తోవల బంద్ పెడుతవేమో ఓదెలూ' అన్నడు. అందరు నవ్విండ్రు. నేను గుడ నవ్విన." అతను నావైపు తిరిగాడు. "నౌకరి ఎవలన్న ఇస్తరు. గా మాట ఎవలు తీస్తరు?"

"నేనేం జెయ్యాలె అన్నా?"

"పటేల్ వాకిట్ల అందరి ముంగట అన్నవు గదా. అడ్డా మీద అందరి ముంగట అను. గప్పుడు వస్త."

ఆ రాత్రి నేను చాలా లెక్కలు వేసుకున్నాను. అడ్డా మీద చెప్తే ఊరంతా తెలుస్తుంది. సోలార్ పనులు, కొత్త ఇళ్ల వైరింగులు, దేవదానం ఎర్తింగ్ చూసుకోలేదట అంటారు. అనుకున్నట్టే తర్వాత ఇద్దరు నా దగ్గర ఇచ్చిన పని వెనక్కి తీసుకున్నారు. వాళ్ల తప్పు లేదు. ఆ కేసు తర్వాత నా పద్ధతి మారింది. ఎవరింటికి పిలిచినా మొదట నేను వేసినదాన్నే అనుమానిస్తాను. నా ఎర్తింగ్, నా జాయింట్, నేను చెప్పిన జాగ్రత్త. ఆ తర్వాతే వేరేవాటి జోలికి వెళ్తాను. మనుషుల ముఖాలు చూడటం మానలేదు, కానీ వాళ్లు చెప్పింది ముందు వింటున్నాను. ఎర్రలైటు వచ్చిందని పనిమనిషి చెప్పినా పరిగెత్తుతున్నాను.

తెల్లారి తొమ్మిదింటికి అడ్డాకు వెళ్లాను. పదిహేను మంది దాకా డ్రైవర్లు చాయ్ బండి చుట్టూ ఉన్నారు. తావేరా ఓనరు కూడా ఉన్నాడు. ఓదెలు చివర, ఒక బానెట్‌కు ఆనుకుని నిలబడ్డాడు. రాత్రి ఫోనులో చెప్పినా రాజిరెడ్డి వస్తాడని నేను అనుకోలేదు. కారు రోడ్డు అవతల ఆపి, దిగి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు.

చాయ్ బండి ముందు నిలబడి చెప్పాను. "రాజిరెడ్డి సార్ బండి ఆగింది ఓదెలన్న వల్ల కాదు. నా ఎర్తింగ్ ఎండిపోయింది. నీళ్లు పొయ్యద్దన్నది నేనే. ఓదెలన్న ఎర్రలైటు అన్నడు, నేను నమ్మలే. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. తావేరా ఓనరు చాయ్ గ్లాసులోకి చూస్తున్నాడు. అయిపోయింది కదా అని నేను స్కూటర్ వైపు తిరిగాను.

"తమ్మీ," అన్నాడు ఓదెలు. "ఎనుకనున్నోళ్లకు ఇనపడలే."

నేను వెనక్కి తిరిగి, ఈసారి గొంతెత్తి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.